పెట్టె విప్పితే ఇంటర్నెట్

ఆగస్టు వచ్చిందంటే డాలస్‌లోనూ, చికాగోలోనూ, న్యూజెర్సీలోనూ విద్యార్థుల అపార్ట్‌మెంట్లలో ఒకే సందడి. మనూళ్ళ నుంచి వెళ్ళిన పిల్లలు నలుగురేసి కలిసి ఒక ఇంట్లో దిగుతారు. ఆవకాయ సీసాలు, ప్రెషర్ కుక్కరు ఇంకా సూట్‌కేసుల్లోనే ఉంటాయి. పరుపులు రాలేదు. కానీ హాల్లో గోడ పక్కన ఒక అట్టపెట్టెను మాత్రం అందరికంటే ముందు విప్పేస్తారు. అందులో మోడెమ్, కరెంటు అడాప్టరు, గుండ్రటి కేబుల్ వైరు, చదునైన మూతి ఉన్న నెట్‌వర్క్ వైరు, నాలుగు మడతలు పెట్టిన కాగితం. బిగించడానికి ఎవరూ రారు. కాగితం చూసుకుంటూ వాళ్ళే బిగించుకోవాలి. విజయవాడలో తెల్లవారకముందే లేచి కూర్చున్న అమ్మ ఫోన్‌లో అడుగుతుంది: “ఏరా, నెట్టు వచ్చిందా?” “ఇంకా లేదమ్మా, లైటు కొట్టుకుంటూనే ఉంది.”

ఆ లైటు కొట్టుకోవడం మానేసి నిలకడగా వెలగాలంటే ఏమేం జరగాలో తెలిస్తే, ఆ అట్టపెట్టె మీద గౌరవం పెరుగుతుంది. అది పోస్టులో ఇంటికి వచ్చే స్థితికి చేరడానికి అమెరికా కేబుల్ పరిశ్రమకు పాతికేళ్ళు పట్టింది. చట్టాలు మారాయి, తీగల్లో నడిచే సిగ్నల్ మారింది, కంప్యూటర్లు మారాయి. మారనిది ఒక్కటే, గోడలోపలి తీగ. కస్టమర్ సొంతంగా బిగించుకోవడం ఎక్కడ సులువైందో, ఎక్కడ ఇప్పటికీ కష్టమో తెలియాలంటే ఆ తీగ వెంటే వెళ్ళాలి.

ఇద్దరొచ్చి బిగించిన రోజులు

టీవీ కోసం వేసిన కేబుల్ మీద ఇంటర్నెట్ ఇవ్వొచ్చని అమెరికాలో పెద్ద ఎత్తున చూపించిన తొలి ఊళ్ళలో మనవాళ్ళకు బాగా తెలిసిన ఫ్రీమాంట్ ఒకటి. కాలిఫోర్నియాలోని ఆ ఊళ్ళో 1996లో ‘ఎట్ హోమ్’ అనే సంస్థ సేవ మొదలుపెట్టింది. టెలిఫోన్ మోడెమ్‌తో పోలిస్తే అది ఊహకందని వేగం. కానీ ఇంట్లో దాన్ని బిగించడం చిన్న పని కాదు. చాలాచోట్ల ఇద్దరు మనుషులు రావాల్సి వచ్చేది. ఒకరు కేబుల్ పని తెలిసినవారు, ఒకరు కంప్యూటర్ తెలిసినవారు. మొదటివారు తీగ లాగి, దాన్ని పంచే స్ప్లిటర్ వేసి, మీటరుతో సిగ్నల్ కొలిచేవారు. రెండోవారు కంప్యూటర్ మూత విప్పి నెట్‌వర్క్ కార్డు గుచ్చేవారు. అప్పట్లో ఇళ్ళలో చాలా కంప్యూటర్లకు నెట్‌వర్క్ రంధ్రమే ఉండేది కాదు. కార్డు గుచ్చగానే సౌండ్ కార్డు మూగబోవడం, డ్రైవర్ దొరక్కపోవడం, విండోస్ 95 మళ్ళీ మళ్ళీ రీస్టార్ట్ అడగడం మామూలే.

ఇలా ఒక్కో ఇంటికి గంటల తరబడి సమయం పోతే, లక్షల ఇళ్ళకు ఎప్పుడు చేరాలి? మనిషిని వ్యానులో పంపడం కంపెనీకి భారం. ఆ మనిషి కోసం సెలవు పెట్టుకుని ఇంట్లో కూర్చోవడం కస్టమర్‌కు అంతకంటే భారం. అమెరికా సమాచార నియంత్రణ సంస్థ ఎఫ్‌సీసీ 1990ల మొదట్లోనే కేబుల్ కంపెనీలకు ఒక ప్రమాణం పెట్టింది. టెక్నీషియన్ ఎప్పుడు వస్తాడో చెప్పేటప్పుడు నాలుగు గంటలకు మించిన గడువు ఇవ్వకూడదని దాని సారాంశం. నాలుగు గంటలకు తగ్గించమని నిబంధన పెట్టాల్సి వచ్చిందంటే అంతకుముందు జనం ఎంతసేపు ఎదురుచూసేవారో ఊహించుకోవచ్చు.

అసలు కంపెనీ తీగకు కస్టమర్ తన సొంత పరికరం తగిలించుకోవచ్చా అన్నది కూడా ఒకప్పుడు తేలని ప్రశ్నే. టెలిఫోన్ విషయంలో ఆ తగవును తేల్చింది 1968 నాటి కార్టర్‌ఫోన్ తీర్పు. టెక్సస్‌కు చెందిన టామ్ కార్టర్ తయారుచేసిన పరికరాన్ని ఫోన్ లైనుకు కలపనివ్వబోమని ఏటీ అండ్ టీ పట్టుబడితే, నెట్‌వర్క్‌కు హాని చేయని పరికరాన్ని అడ్డుకునే హక్కు కంపెనీకి లేదని ఎఫ్‌సీసీ చెప్పింది. దుకాణంలో ఫోన్ కొనుక్కుని గోడలో గుచ్చుకునే అలవాటు ఆ తర్వాతే పాతుకుంది. కేబుల్ మోడెమ్ ఆ తోవలోనే నడిచింది. కాకపోతే అది దుకాణంలోకి రావాలంటే ముందు అన్ని కంపెనీల తీగల్లోనూ ఒకే భాష నడవాలి.

ఆ భాష పేరు డాక్సిస్. కామ్‌కాస్ట్, కాక్స్, టీసీఐ, టైమ్ వార్నర్ వంటి కంపెనీలన్నీ ఒక బల్ల చుట్టూ కూర్చుని రాయించుకున్న ప్రమాణం. కేబుల్‌ల్యాబ్స్ అనే ఉమ్మడి పరిశోధన సంస్థ దాని తొలి రూపాన్ని 1997లో విడుదల చేసింది. 1999లో థామ్సన్, తోషిబా మోడెమ్‌లకు తొలిసారి ధ్రువీకరణ దక్కింది. అంతకుముందు ఒక కంపెనీ మోడెమ్ మరో కంపెనీ ఊళ్ళో పనిచేసేది కాదు. నా దృష్టిలో సొంత ఇన్‌స్టాలేషన్ చరిత్రలో అసలు మలుపు ఇదే. కస్టమర్‌కు పని నేర్పి సులువు చేయలేదు. కస్టమర్ తేల్చుకోవాల్సిన ప్రశ్నలనే తీసేశారు.

ఇక కంప్యూటర్ మూత విప్పే పని కూడా మెల్లగా పోయింది. 2000 ప్రాంతంలో మోడెమ్‌లకు యూఎస్‌బీ మూతి వచ్చింది. తర్వాత దాదాపు ప్రతి కంప్యూటర్‌లోనూ నెట్‌వర్క్ రంధ్రం పుట్టుకతోనే వచ్చింది. ఆపై వైఫై వచ్చి ఆ తీగ అవసరం కూడా లేకుండా చేసింది.

స్తంభం దగ్గర తెగిన తీగ

ఇంట్లో అన్నీ సర్దుకున్నా స్తంభం దగ్గర ఒక చిక్కు మిగిలింది. ఇది చాలామందికి తెలియదు.

పాత రోజుల్లో కేబుల్‌లో టీవీ చానళ్ళు తాళం లేకుండా నడిచేవి. తీగ ఇంటికి కలిసి ఉంటే చాలు, డబ్బు కట్టకపోయినా ప్రాథమిక చానళ్ళు వచ్చేసేవి. అందుకని అద్దెకున్నవాళ్ళు ఖాళీ చేసి వెళ్ళగానే కంపెనీ మనిషి వచ్చి, వీధిలో ఆ ఇంటి తీగను విప్పేసేవాడు. ఇంటర్నెట్ ఒక్కటే కావాలన్నవారికి టీవీ సిగ్నల్‌ను ఆపే చిన్న ఫిల్టర్‌ను అక్కడే బిగించేవాడు. కొత్తవారు దిగినప్పుడు మళ్ళీ నిచ్చెన, మళ్ళీ మనిషి. ఆ పరిస్థితిలో ఇంట్లో పెట్టె విప్పి ఎంత జాగ్రత్తగా బిగించుకున్నా లాభం లేదు. వీధిలో తెగిన తీగలోకి సిగ్నల్ ఎక్కడి నుంచి వస్తుంది?

2012 అక్టోబరులో ఎఫ్‌సీసీ ఒక నిర్ణయం తీసుకుంది. పూర్తిగా డిజిటల్‌కు మారిన కేబుల్ వ్యవస్థల్లో ప్రాథమిక చానళ్ళకు కూడా తాళం వేసుకోవచ్చని అనుమతించింది. చానళ్ళన్నిటికీ తాళం ఉంటే తీగను విప్పాల్సిన పనే లేదు. కనెక్షన్ ఇవ్వడం, తీసేయడం దూరం నుంచే మీట నొక్కి చేయొచ్చు. మనుషులను ఇళ్ళకు పంపే పని తగ్గుతుందన్నది ఆ నిర్ణయానికి చెప్పిన కారణాల్లో ఒకటి. టీవీ నిబంధనగా వచ్చిన ఈ మార్పు సొంతంగా ఇంటర్నెట్ బిగించుకునేవారికి ఎంతో మేలు చేసింది.

అయినా పాత అపార్ట్‌మెంట్లలో తెగిన తీగలు ఇప్పటికీ ఉంటాయి. కంపెనీ రికార్డులో ‘ఈ ఇంటికి లైను ఉంది’ అని రాసి ఉంటుంది, మీటర్ గదిలో చూస్తే ఊడి వేలాడుతుంటుంది. కాగితంలోని ప్రతి అడుగూ సరిగ్గా చేసిన కుర్రాడు రాత్రంతా తనదే తప్పనుకుని మళ్ళీ మళ్ళీ బిగిస్తాడు. పెట్టె పంపే ముందు ఆ లైనులో సిగ్నల్ ఉందో లేదో నిర్ధారించుకోవడం కంపెనీ కనీస బాధ్యత. ఈ ఒక్క పని సరిగ్గా చేస్తే చాలా ఇళ్ళలో చాలా రాత్రులు ప్రశాంతంగా గడుస్తాయి.

గోడలోపలి తీగ

ఇప్పుడు అసలు సంగతికి వద్దాం. కేబుల్ వైరు చివర ఉండే మరచుట్టు కనెక్టర్‌ను ఎఫ్ కనెక్టర్ అంటారు. జెర్రాల్డ్ ఎలక్ట్రానిక్స్‌లో పనిచేసిన ఎరిక్ విన్‌స్టన్ 1950ల తొలినాళ్ళలో దాన్ని రూపొందించారు. దానికి విడిగా పిన్ను ఉండదు, వైరు మధ్యలోని రాగి రంగు తీగే పిన్ను. అందుకే అంత చౌక, అందుకే డెబ్బై ఏళ్ళు దాటినా వాడుకలో ఉంది. అందులోని ఇబ్బంది కూడా అక్కడే ఉంది. వంకరగా తోస్తే ఆ తీగ వంగిపోతుంది. మర రెండు చుట్లు తిప్పి వదిలేస్తే పైకి బిగిసినట్టే కనిపిస్తుంది, లోపల వదులుగా ఉంటుంది.

వదులైతే ఏమవుతుంది? తన ఇంట్లో నెట్ నెమ్మదిస్తుంది, అంతేగా అనుకుంటాం. అంతటితో పోదు. ఇంటి నుంచి కంపెనీ వైపు వెళ్ళే సిగ్నల్ చాలా నెట్‌వర్క్‌లలో 5 నుంచి 42 మెగాహెర్ట్జ్ మధ్య నడుస్తుంది. షార్ట్‌వేవ్ రేడియో, మోటార్ల రొద, వాకీటాకీ లాంటి సీబీ రేడియోల మాటలు అన్నీ గాలిలో ఉండేది అక్కడే. వదులైన మర దగ్గర ఆ రొద తీగలోకి దూరుతుంది. కేబుల్ నెట్‌వర్క్‌లో వందల ఇళ్ళ తీగలు ఒక దగ్గర కలుస్తాయి కాబట్టి అన్ని ఇళ్ళ రొద ఒకేచోట పోగవుతుంది. వీధి కాలువలోకి ఒక్క ఇంటివాళ్ళు చెత్త వదిలినా వీధంతా కంపు కొట్టినట్టు, ఒక్క వదులు మర వల్ల ఆ దారిలోని వారందరి వీడియో కాల్స్ తెగిపోవచ్చు. ఇలాంటి రొదలో ఎక్కువ భాగం ఇళ్ళలోపలి వైరింగ్ నుంచే వస్తుందని ఈ రంగంలో పనిచేసేవాళ్ళు చెబుతారు.

రొద లోపలికి రావడమే కాదు, సిగ్నల్ బయటికి పోవడమూ ఉంది. విమానాల నావిగేషన్ సంకేతాలు, రేడియో సంభాషణలు నడిచే 108 నుంచి 137 మెగాహెర్ట్జ్ వరకూ ఉన్న పౌనఃపున్యాలను కేబుల్ కూడా తన తీగలోపల వాడుకుంటుంది. తీగ మూసుకుని ఉన్నంతవరకు గొడవ లేదు. కారితే కష్టం. అందుకే ఎఫ్‌సీసీ నిబంధనల ప్రకారం కంపెనీలు తమ నెట్‌వర్క్‌లో సిగ్నల్ ఎక్కడ కారుతోందో వెతికి మరమ్మతు చేస్తూ ఉండాలి.

స్ప్లిటర్ల సంగతి కూడా చెప్పాలి. ఒక తీగను రెండు చేసే చిన్న స్ప్లిటర్ దాదాపు 3.5 డెసిబెల్ సిగ్నల్‌ను మింగేస్తుంది. అంటే సగం కూడా మిగలదు. అలాంటివి రెండు వరుసగా ఉంటే మిగిలేది ఐదో వంతు. పాత ఇళ్ళలో ప్రతి గదికీ టీవీ కోసం వేసిన స్ప్లిటర్లు గోడ వెనుక, అటక మీద, అల్మారా మూలన ఉంటాయి. ఇప్పుడు ఆ గదుల్లో టీవీలకు కేబుల్ లేదు. స్ప్లిటర్లు మాత్రం అలాగే ఉన్నాయి, సిగ్నల్‌ను పంచుతూనే ఉన్నాయి. టెక్నీషియన్ వస్తే మీటరు పెట్టి రెండు నిమిషాల్లో పట్టేసేవాడు. కాగితం ఆ పని చేయలేదు.

మనిషి రాకపోతే మరి ఎవరు కొలవాలి? దీనికి ఇంజినీర్లు కనిపెట్టిన జవాబు నాకు చాలా నచ్చింది. మోడెమే మీటరు. తనకు అందుతున్న సిగ్నల్ బలం ఎంత, తాను ఎంత గట్టిగా పంపాల్సి వస్తోంది, రొద ఎంత అన్నవి మోడెమ్‌కు ఎప్పుడూ తెలుసు. కంపెనీ దూరం నుంచే వాటిని చదవగలదు. ఇంకా విశేషమేమిటంటే, తీగలో ఎక్కడైనా లోపం ఉంటే సిగ్నల్ అక్కడ తగిలి వెనక్కి మళ్ళుతుంది. ఆ ప్రతిధ్వనిని సరిచేసుకోవడానికి మోడెమ్ లోపల కొన్ని లెక్కలు వేసుకుంటుంది. ఆ లెక్కలను తిరగేసి చూస్తే లోపం ఎన్ని అడుగుల దూరంలో ఉందో అంచనా కట్టొచ్చు. కేబుల్‌ల్యాబ్స్ ఈ పద్ధతిని పరిశ్రమ మొత్తానికీ అందించింది. చాలా మోడెమ్‌లలో కస్టమర్ కూడా బ్రౌజర్‌లో 192.168.100.1 అని కొట్టి ఆ అంకెల్లో కొన్నిటిని చూసుకోవచ్చు.

బాధేమిటంటే, ఇంత తెలిసిన యంత్రం కస్టమర్‌తో మాట్లాడేటప్పుడు ఒక చిన్న లైటు కొట్టుకుంటూ ఊరుకుంటుంది. ‘గోడ దగ్గర మర వదులుగా ఉంది, బిగించండి’, ‘మధ్యలో స్ప్లిటర్ ఉంది, తీసేయండి’, ‘తప్పు మీది కాదు, లైను బయట తెగింది’ అనే మూడు వాక్యాలు ఫోన్ తెర మీద చూపించడానికి కావాల్సిన సమాచారంలో చాలా భాగం కంపెనీ చేతిలో ఉంది. ఆ వాక్యాలు కస్టమర్‌కు అందించడమే సొంత ఇన్‌స్టాలేషన్‌లో మిగిలి ఉన్న పెద్ద పని.

కాగితం రాసేవాళ్ళు

మోడెమ్ వెనుక ఏ రంధ్రంలో ఏది గుచ్చాలో చెప్పే కాగితాన్ని తేలిగ్గా తీసిపారేయకూడదు. అది కూడా ఇంజినీరింగే. మంచి కాగితంలో మాటలు తక్కువ, బొమ్మలు ఎక్కువ. తీగల రంగూ రంధ్రాల రంగూ ఒకటే ఉంటాయి. అన్నిటికంటే ముఖ్యం, ఎంతసేపు ఆగాలో చెప్పాలి. కొత్త మోడెమ్ మొదటిసారి వెలిగినప్పుడు ముందు సిగ్నల్ వెతుక్కుంటుంది, తర్వాత కంపెనీ యంత్రంతో దూరం, బలం సరిచూసుకుంటుంది, చిరునామా అడిగి తీసుకుంటుంది, తన సెట్టింగుల ఫైలు దించుకుంటుంది. ఒక్కోసారి సాఫ్ట్‌వేర్ కూడా కొత్తది దించుకుని తనంతట తానే ఆగి మళ్ళీ మొదలవుతుంది. ఇదంతా తెలియని మనిషి లైటు ఆరగానే చెడిపోయిందని ప్లగ్గు పీకేస్తాడు. పీకిన ప్రతిసారీ కథ మొదటికొస్తుంది. ‘పావుగంట ముట్టుకోకండి, మధ్యలో లైట్లన్నీ ఆరి మళ్ళీ వెలుగుతాయి, అది మంచిదే’ అన్న వాక్యం వందల ఫోన్ కాల్స్ ఆపుతుంది.

గుర్తింపు సంఖ్య విషయం చూడండి. మోడెమ్ అడుగున పన్నెండు అక్షరాంకెల సంఖ్య ఉంటుంది. ఒకప్పుడు దాన్ని ఫోన్‌లో చదివి వినిపించాలి. ‘బీ’కీ ఎనిమిదికీ, ‘డీ’కీ సున్నాకీ తేడా తెలియని చిన్న అచ్చు. ఒక్కటి తప్పినా కనెక్షన్ రాదు. తర్వాత పద్ధతి మారింది. పరిచయం లేని మోడెమ్ తగిలితే కంపెనీ దాన్ని తన రిజిస్ట్రేషన్ పేజీకి మాత్రమే వెళ్ళనిస్తుంది, ఖాతా వివరాలు ఇస్తే తలుపు తెరుస్తుంది. ఇప్పుడు మోడెమ్ మీది గడుల బొమ్మను ఫోన్ కెమెరాకు చూపిస్తే సరిపోతుంది. చూసే పనిని మనిషి కళ్ళ నుంచి కెమెరాకు మార్చడం చిన్న మార్పే. కానీ కళ్ళజోడు పెట్టుకున్న పెద్దవాళ్ళకు అది వరం.

పాస్‌వర్డ్‌దీ అదే దారి. అన్ని రౌటర్లకూ ఫ్యాక్టరీలో ఒకే పాస్‌వర్డ్ పెట్టి పంపడం సులువు. ఆ సులువు ఎంత ప్రమాదమో 2016లో మిరాయ్ అనే హానికర ప్రోగ్రామ్ చూపించింది. మార్చని ఫ్యాక్టరీ పాస్‌వర్డ్‌లున్న కెమెరాలను, రౌటర్లను లక్షల్లో వశం చేసుకుంది. ఆ తర్వాత కాలిఫోర్నియా ఒక చట్టం చేసింది. 2020 జనవరి 1 నుంచి అక్కడ అమ్మే ఇలాంటి పరికరాలకు ఒక్కోదానికి ఒక్కో పాస్‌వర్డ్ ఉండాలి, లేదా మొదటి వాడకంలోనే కస్టమర్ చేత కొత్తది పెట్టించాలి. అడుగున స్టిక్కర్ మీద అచ్చయి ఉండే పొడుగాటి పాస్‌వర్డ్‌ను తిట్టుకోకండి.

ఆ 2020లోనే కోవిడ్ వచ్చింది. ఇళ్ళల్లో అడుగుపెట్టే వీలులేక కేబుల్ కంపెనీలు పెట్టెలు పోస్టులో పంపడాన్నే ప్రధాన మార్గం చేసుకున్నాయి. బడి, కొలువు, డాక్టరు అన్నీ ఆ తీగ మీదే ఆధారపడ్డ రోజులు. జనం నేర్చుకున్నారు, బిగించుకున్నారు. ఆ తర్వాత వెనక్కి వెళ్ళలేదు. చాలాచోట్ల సొంత ఇన్‌స్టాలేషనే మామూలు పద్ధతి అయింది, మనిషి కావాలంటే రుసుము.

ఆ రుసుము దగ్గర నాకు అభ్యంతరం ఉంది. ఓపిక, చూపు, ఇంగ్లీషు, చేతిలో స్మార్ట్‌ఫోన్ ఉన్నవాళ్ళకు ఈ పద్ధతి నిజంగానే మేలు. సెలవు పెట్టక్కర్లేదు, ఎదురుచూడక్కర్లేదు. కానీ పిల్లల దగ్గరికి వెళ్ళి ఉంటున్న తెలుగు తల్లిదండ్రులున్నారు, పగలంతా ఇంట్లో ఉండేది వాళ్ళే. చేతులు వణికే ముసలివాళ్ళున్నారు. నెట్ మొదలుపెట్టడానికి యాప్ కావాలి, యాప్‌కు నెట్ కావాలి. దిగిన రోజున అమెరికా సిమ్ కూడా లేని విద్యార్థి ఏం చేయాలి? బయటి లైను తెగి ఉంటే, గోడలోపలి తీగ పాడైతే, బిగించుకోవడం చేతకాకపోతే మనిషిని పంపడం సేవలో భాగం కావాలి. దానికి విడిగా డబ్బు అడగకూడదు. కంపెనీ మిగుల్చుకున్న వ్యాను ఖర్చులో కొంత ఇలా తిరిగి ఇవ్వడం న్యాయం. మీటరు పట్టుకుని పాతికేళ్ళు ఈ పని చేసిన టెక్నీషియన్ల నైపుణ్యం కూడా అప్పుడే సరైన చోట వినియోగమవుతుంది.

మన ఇళ్ళలో సంగతి

తెలుగు రాష్ట్రాల్లో కథ వేరే దారిలో నడిచింది. ఇక్కడ ఎక్కువగా ఇంటికి వచ్చేది సన్నటి గాజు తీగ. దాన్ని అతకాలంటే యంత్రం కావాలి, అలవాటు పడ్డ చెయ్యి కావాలి. కేబుల్ ఆఫీసుకు ఫోన్ చేస్తే తెలిసిన కుర్రాడు బండి మీద వస్తాడు, తీగ లాగి, పెట్టె పెట్టి, పాస్‌వర్డ్ కూడా తనే పెట్టి వెళ్తాడు. సౌకర్యమే. అయితే పాస్‌వర్డ్ ఏమిటో ఇంట్లోవాళ్ళకు తెలియని ఇళ్ళు చాలా ఉన్నాయి. గాజు తీగ పని అతనికే వదిలేయండి, వంచొద్దు, విప్పొద్దు. వైఫై పేరు, పాస్‌వర్డ్ మాత్రం అతను వెళ్ళాక మీరే మార్చుకోండి.

అమెరికా వెళ్తున్న పిల్లలున్న ఇళ్ళవారికి కొన్ని మాటలు. ఆర్డరు పెట్టేటప్పుడే ఆ ఫ్లాటులో లైను పనిచేసే స్థితిలో ఉందో లేదో అడగమనండి. లేకపోతే టెక్నీషియన్‌నే కోరమనండి. కొన్ని కంపెనీలు సోషల్ సెక్యూరిటీ నంబరు అడుగుతాయి. కొత్తగా దిగినవారికి అది ఉండదు, పాస్‌పోర్టు ఒప్పుకుంటారా, డిపాజిట్ ఎంత అన్నది ముందే తేల్చుకోవాలి. 2024 ఏప్రిల్ నుంచి పెద్ద కంపెనీలు ప్రతి ప్లానుకూ ధర, నెలవారీ అదనపు రుసుములు, వేగం చూపే పట్టికను అమ్మేచోటే పెట్టాలి. మోడెమ్ అద్దె అందులో ఉందేమో చూసుకోవాలి. సొంత మోడెమ్ కొనుక్కుంటే అద్దె వేయకూడదని చట్టం ఉంది. 2020 డిసెంబరు నుంచి అమలవుతోంది. రెండేళ్ళ చదువుకు ఏది లాభమో లెక్క కట్టుకోవచ్చు, కాకపోతే ఆ కంపెనీ ఒప్పుకున్న మోడళ్ళ జాబితా చూశాకే కొనాలి.

పెట్టె వచ్చాక మోడెమ్‌ను గోడలో అన్నిటికంటే దగ్గరి మూతికి, మధ్యలో స్ప్లిటర్ లేకుండా కలపాలి. తీగ నిటారుగా తోసి, మరను వేళ్ళతో ఆగేదాకా తిప్పాలి. పావుగంట ఆగాలి. ఇల్లు మారేటప్పుడు అద్దె మోడెమ్‌ను అడాప్టరుతో సహా తిరిగి ఇచ్చి, రసీదు ఫొటో తీసి దాచుకోవాలి. ఆ రసీదు లేకపోతే తిరిగి ఇచ్చినదానికి కూడా నెలల తర్వాత బిల్లు రావచ్చు.